కబడ్డీ జట్టు ఫొటో ఉన్న పేజీ

నరసరావుపేటలో ఒక డిగ్రీ కాలేజీ లైబ్రరీలో ఉద్యోగమంతా గడిపి ఈమధ్యే రిటైరయ్యాను. నా స్థానంలో వచ్చిన అమ్మాయి చురుకైనది. చార్జి అప్పగించిన రోజు "సార్, ఇక్కడ పని ఏముంటుంది?" అని అడిగింది. పుస్తకాలివ్వడం, తీసుకోవడం, తనిఖీ బృందం వస్తుందంటే బీరువాల అద్దాలు తుడిపించడం అని చెప్పి ఊరుకున్నాను. ఇంటికొచ్చాక ఆలోచిస్తే ఆ పిల్లకి సగం జవాబే చెప్పానని అనిపించింది. మిగతా సగం ఇది. ప్రమోషన్లు, ఇంక్రిమెంట్లు, పీఎఫ్ కోసం తిరిగిన తిరుగుళ్ళు ఇందులో రాయను. అవి ఏ ఉద్యోగంలోనైనా ఒకటే.

మెట్ల కింద గది

నేను చేరినప్పుడు కాలేజీ మ్యాగజైన్ల పాత సంచికలు మెట్ల కింద గదిలో, ఆటల సామాన్లతో కలిపి పడేసి ఉన్నాయి. మ్యాగజైన్ అంటే ఇప్పటి పిల్లలకు తెలియకపోవచ్చు. ఫీజులో ప్రతి ఏడూ దానికని కొంత తీసుకునేవాళ్ళు. ఏడాది చివర ఒక సంచిక అచ్చేసి పిల్లలందరికీ పంచేవాళ్ళు. ముందు యాజమాన్యం వారి ఫొటోలు, ప్రిన్సిపాల్ గారి సందేశం. ఆ తరవాత ఇంగ్లీషు, హిందీ, తెలుగు భాగాలు. మధ్యలో నున్నటి కాగితం మీద గ్రూపు ఫొటోలు.

ఇంగ్లీషు భాగంలో క్రమశిక్షణ గురించి, కాలం విలువ గురించి వ్యాసాలుంటాయి. ఎవరు రాసినా ఒక్కలాగే ఉంటాయి, అవి వదిలేయండి. తెలుగు భాగంలో మాత్రం ఊళ్ళుంటాయి. సాగర్ కాలవ నీళ్ళు తమ చేలోకి మొదటిసారి వచ్చిన పొద్దున ఇంట్లో ఎవరెవరు ఏమేం చేశారో ఒక కుర్రాడు రాశాడు. మాచర్ల నుంచి రైల్లో వచ్చే ఆడపిల్లలందరూ ఒకే పెట్టెలో ఎందుకు ఎక్కుతారో ఒకమ్మాయి రాసింది. మిరప కోతలప్పుడు క్లాసులు ఎందుకు ఖాళీ అవుతాయో లెక్చరర్లకు అర్థమయ్యేట్టు ఇంకొకడు రాశాడు. వాళ్ళెవరూ తరవాత రచయితలు కాలేదు. ఒక్కసారి రాసి మానేశారు. ఆ ఒక్కసారి రాసింది ఇంకెక్కడా దొరకదు కాబట్టి దాచాలి. నా వాదన అంతే, దానికి పెద్ద సిద్ధాంతమేమీ లేదు.

ఒక తనిఖీకి ముందు మా ప్రిన్సిపాల్ గారు ఆ గది చూసి పాత కాగితాలవాణ్ణి పిలిపించమన్నారు. ఆయన మా కాలేజీలోనే చదువుకున్న మనిషి. వాదన పెట్టుకోకుండా ఆయన డిగ్రీ సంచిక వెతికి, బెల్‌బాటమ్ ప్యాంటులో ఆయన నిలబడ్డ ఫొటో తీసి బల్ల మీద పెట్టాను. చాలాసేపు చూశారు. "ఈ గది కాస్త బాగు చేయించండి" అన్నారు. బీరువాలు కూడా ఇప్పించారు. ఆ సంచిక ఇంట్లో వాళ్ళకు చూపించి తెస్తానని పట్టుకెళ్ళారు. రెండు నెలల తరవాత అటెండరు చేత పంపించారు. ఆ ఫొటో ఉన్న పేజీ మాత్రం లేదు. బ్లేడుతో నీటుగా కోసి ఉంది.

ఆయన చెడ్డవాడు కాదు. నాకు దొరికిన అధికారుల్లో మంచివాడు. కానీ ఈ ఉద్యోగంలో గుర్తుపెట్టుకోవాల్సిన మొదటి సంగతి నాకు నేర్పింది ఆయనే. కాగితాన్ని పట్టించుకోనివాడు చెదలకు వదిలేస్తాడు, ఇష్టపడ్డవాడు కత్తిరించుకుపోతాడు. చెదలకు మందు ఉంది.

ఆయన తరవాత వచ్చినాయన పూర్తిగా వేరు. ఏ కాగితమైనా స్కాన్ చేయించి అసలుది పారేయాలన్నది ఆయన పట్టుదల. స్కాన్ చేసేవాళ్ళు మిషన్లోకి సులువుగా పోవాలని కొన్ని సంచికల అట్టలు ఊడబీకి, వెన్ను కోసేశారు. ఆ కాపీలు పెట్టిన హార్డ్ డిస్కు ఏడాదికే మొరాయించింది. కాగితాలు పారేయమన్నప్పుడు సరేనని చెప్పి పారేయకపోవడం నేను చేసిన మంచి పనుల్లో ఒకటి. చిన్నవాళ్ళకు ఇట్లాంటి సలహా ఇవ్వకూడదేమో. అయినా ఇస్తున్నాను.

శ్రీరామ అని రాసిన కాగితాలు

కాలేజీలో లేని సంచికలు పాత విద్యార్థుల ఇళ్ళలో ఉంటాయని ఊళ్ళు తిరగడం మొదలుపెట్టాను. తిరిగితే మ్యాగజైన్ల కన్నా పెద్ద సరుకే కనపడింది. శుభలేఖలు, జాతకాలు, పత్తి అమ్మిన రసీదులు, నాటకాల కరపత్రాలు, మిలట్రీ నుంచి వచ్చిన కార్డులు. ఇచ్చినవాళ్ళవి ఇంటికొక పెట్టె చొప్పున లైబ్రరీలో సర్దుకుంటూ వచ్చాను.

మొదట్లో వెళ్ళగానే "మీ ఇంట్లో పాత కాగితాలున్నాయా?" అని అడిగేవాణ్ణి. ఆ మాట మన పల్నాడులో అడగకూడదు. రొంపిచెర్ల దగ్గర ఒక ఊళ్ళో అట్లా అడిగితే ఆ ఇంటి యజమాని నన్ను నిలబెట్టే మాట్లాడాడు.

"ఎవరు పంపారయ్యా నిన్ను? మా తమ్ముడేనా?"

"లేదండీ, కాలేజీ నుంచి వచ్చాను."

"కాలేజీకి మా కాగితాలతో ఏం పని? వాడే పంపి ఉంటాడు. దావా నడుస్తోంది, ఏ కాగితమూ ఇయ్యనని చెప్పు వాడికి."

పాత కాగితమంటే ఇక్కడ పొలం కాగితమే. అప్పట్నుంచి పాత ఫొటోలు అని అడగడం మొదలుపెట్టాను. ఫొటోలంటే ఆడవాళ్ళు కూడా బయటికొస్తారు, మజ్జిగ ఇస్తారు, ఫొటోలో ఉన్నది ఎవరో చెప్పుకుంటూ పోతారు. కాగితాలు వాటంతటవే వస్తాయి.

ఇంకో సంగతి ఈ ఉద్యోగంలో చేరేవాళ్ళకు ఎవరూ చెప్పరు. మన పాతతరం వాళ్ళు కాగితం మీద కలం పెట్టగానే పైన శ్రీరామ అని రాసి, కింద గీత గీసి, ఆ తరవాతే సంగతి మొదలుపెట్టేవాళ్ళు. ఉత్తరమైనా సరే, కిరాణా సరుకుల చీటీ అయినా సరే. దేవుడి పేరున్న కాగితాన్ని చించకూడదు, తొక్కకూడదు, పొయ్యిలో పెట్టకూడదు. అందుకని ఎంత పనికిరాని చీటీ అయినా ట్రంకుపెట్టెలో చేరుతుంది. మన ఊళ్ళలో ఇన్ని కాగితాలు మిగిలాయంటే ఆ ఒక్క మాట చలవే. అయితే ఆ ఇంటి పెద్దాయన పోయి, పెద్దకర్మ అయిపోయాక, పెట్టె ఖాళీ చేసి మూటగట్టి కాలవలో వదులుతారు. ముస్లింల ఇళ్ళలోనూ అరబీ అక్షరమున్న కాగితాన్ని ఇట్లాగే పారే నీళ్ళకు ఇస్తారు. ఎంత చరిత్ర సాగర్ కుడికాలవలో కలిసిపోయిందో ఎవరూ చెప్పలేరు.

కాబట్టి పెద్దకర్మ లోపే వెళ్ళాలి. వెళ్ళి కాగితాలడగడం మర్యాద కాదు. పరామర్శకు కూచుని, లేచేటప్పుడు "నాన్నగారి కాగితాలు నీళ్ళలో కలిపేటప్పుడు నాకూ కబురు చేయండి, వస్తాను" అనేవాణ్ణి. చాలామంది కబురు చేశారు. కాలవ గట్టు మీద నిలబడి, మా లైబ్రరీలో సరస్వతి పటం కింద బీరువా ఉందని, నీళ్ళలో కలిపినా అక్కడ పెట్టినా దోషం లేదని చెప్పేవాణ్ణి. "అక్కడెవరూ తొక్కరు గదా?" అని అడిగేవాళ్ళు. తొక్కరని మాటిచ్చి మూట స్కూటర్ మీద పెట్టుకుని వచ్చేవాణ్ణి. కొన్నిసార్లు ఒప్పుకునేవాళ్ళు కాదు. మూట నీళ్ళలో ఉబ్బి మునిగేదాకా చూసి దణ్ణం పెట్టుకుని వచ్చేసేవాణ్ణి. అప్పుడు బాధగానే ఉండేది, కానీ అవి వాళ్ళ కాగితాలు.

ఇస్తామని ఒప్పుకున్నవాళ్ళతో ఇంకో ప్రమాదం. ఊరికే ఇస్తే ఏం బాగుంటుందని ఒకాయన ముత్తాత నాటి పత్రాలన్నీ జిరాక్స్ షాపుకు తీసుకెళ్ళి లామినేషన్ చేయించాడు. పైన పసుపు కుంకుమ పెట్టి, పళ్ళెంలో పెట్టి, దంపతులిద్దరూ నా చేతికిచ్చారు. ఆ వేడికి సిరా గోధుమరంగుకు తిరిగింది. ఆ ప్లాస్టిక్ ఇక ఊడదు, ఊడదీస్తే కాగితం కూడా దాంతోనే వస్తుంది.

"ఎట్టా ఉన్నాయి సార్? ఇంకో వందేళ్ళు ఢోకా లేదు గదా" అన్నాడాయన.

చానా బాగున్నాయన్నాను. ఇంకేమంటాం? అప్పట్నుంచి ఒప్పుకున్న రోజే చేతులు జోడించి చెప్పేవాణ్ణి, మీరేమీ చేయొద్దు, దుమ్ము కూడా దులపొద్దు అని.

నాగూర్‌బీ

నా సర్వీసు ఆఖరి సంవత్సరాల్లో ఒక మధ్యాహ్నం ఒక పెద్దావిడ లైబ్రరీ గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలికొచ్చింది. పేరు నాగూర్‌బీ. దూది ఏకి పరుపులు కుట్టే కుటుంబం, బజార్లో వాళ్ళ దుకాణం నాకు తెలుసు.

"సార్, మీ కాడ పాత కాలేజీ పుస్తకాలున్నాయంట గదా. మా ఆయన బొమ్మ ఉంది దాంట్లో."

"ఏ సంవత్సరం అమ్మా?"

"అది తెలియదు. కబడ్డీలో కప్పు కొట్టిన ఏడు."

కూచోబెట్టి అడిగితే చెప్పింది. భర్త పేరు మస్తాన్‌వలి. వాళ్ళ ఇళ్ళలో కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషి, కాలేజీ కబడ్డీ జట్టులో ఆడేవాడు. ఆఖరి సంవత్సరంలో పెళ్ళయింది. పెళ్ళికి ఫొటోలు తీయించే స్తోమత లేదు. ఏడాది తిరక్కుండానే నడికుడి దగ్గర లారీ ప్రమాదంలో పోయాడు. జేబులో పర్సు, పర్సులో హాల్ టికెట్, దాని మీద ఉన్న ఒక్క చిన్న ఫొటో, అన్నీ ఆయనతోనే పోయాయి. కొడుకు సైదా ఆ తరవాత పుట్టాడు. ఇప్పుడు బండ్ల మెకానిక్ షాపు పెట్టుకున్నాడు.

"ఆయన మొహం నాకు గుర్తే సార్. కళ్ళు మూసుకుంటే కనపడతాడు. మా వాడే చూడలా. ఇంత వయసొచ్చి కూడా, నాన్న ఎట్టా ఉండేవాడమ్మా అని అడుగుతాడు. అద్దంలో చూసుకోరా, అచ్చం నువ్వే అంటా. వాడికి ఒకసారి చూపించాలి." తన కంటి వైపు వేలు చూపించి అంది, "నాకు నీటికాసులంట. ఒక కన్ను పోయింది. రెండోది కూడా తగ్గుకుంటా పోతందన్నాడు డాక్టరు. అది ఉండంగనే నేనూ చూసుకోవాలి."

ఆటల నివేదికల్ని బట్టి సంచిక ఏదో తేల్చడం కష్టం కాలేదు. బీరువాలోంచి తీసి తెరిచాను. నివేదిక ఉంది, జట్టు ఫొటో ఉండాల్సిన పేజీ లేదు. ఎవరో ఎప్పుడో కోసుకుపోయారు. ఆమె నా మొహం వంకే చూస్తోంది. లేదని చెప్పడానికి నోరు రాక, వెతుకుతాను, టైం పడుతుందని చెప్పి పంపించాను.

నివేదికలో కెప్టెన్ పేరుంది, ఊరు బెల్లంకొండ. వెళ్ళాను. ఆయన పోయి చాలా ఏళ్ళయిందట, కొడుకు ఉన్నాడు. ఫొటో ఉందా అని అడిగేలోపే గోడ మీదికి చెయ్యి చూపించాడు. పెద్ద ఫ్రేములో జట్టు ఫొటో, మధ్యలో కప్పు పట్టుకుని వాళ్ళ నాన్న. ఫ్రేము కట్టినవాడు సైజుకు సరిపోలేదని రెండు పక్కలా కోసేశాడు. మస్తాన్‌వలి పొడుగు మనిషనీ ఎప్పుడూ కుడివైపు చివర నిలబెట్టేవాళ్ళనీ నాగూర్‌బీ చెప్పింది. కుడివైపు చివర ఇప్పుడున్నది పక్కవాడి భుజం మీద వేసిన ఒక చెయ్యి మాత్రమే.

సత్తెనపల్లిలో ఇంకొక ఆటగాడు దొరికాడు. ఆయన తన బొమ్మ ఒక్కటే గుండ్రంగా కత్తిరించి పెట్టుకున్నాడు. మూడో ఆయన రొంపిచెర్ల వైపు. తనూ తన స్నేహితుడూ ఉన్న ముక్క పర్సులో దాచుకున్నాడు. ముగ్గురూ ఆ ఫొటోని ప్రాణంగా చూసుకున్నారు. ముగ్గురి ఇళ్ళలోనూ మిగతా మ్యాగజైన్ ఏమైందో ఎవరికీ తెలియదు. మస్తాన్‌వలి ఇంట్లో కత్తెర పట్టడానికి ఆయనే లేడు. ఆయన సంచిక ఏమైందని అడిగితే, పుట్టింటికి కానుపుకి వెళ్ళినప్పుడు అత్తగారు ఇల్లు సర్ది పాతవన్నీ తీసేసిందని మాత్రం నాగూర్‌బీ చెప్పింది.

బెల్లంకొండ ఫొటోని నా ఫోన్లో తీసి ఆమెకు చూపించాను. చూపించడం సరైన పనా కాదా అని ఇప్పటికీ తేల్చుకోలేదు. ఫోన్ని మంచి కన్ను దగ్గరికి తెచ్చుకుని ఆ చేతిని పెద్దది చేసి చూసింది.

"ఆయన చెయ్యే అనుకుంటా. చెయ్యేం చేసుకోను సార్? మొహం కావాలి."

ఆ తరవాత కొన్ని నెలలు ఏమీ దొరకలేదు. ఆమె ఒకటి రెండుసార్లు వచ్చి వెళ్ళింది. రెండోసారి గుమ్మం దగ్గర తడుముకుంటూ వచ్చింది. నేను సాధారణంగా పని విషయంలో కంగారుపడే మనిషిని కాను. అప్పుడు మాత్రం భయమేసింది, నేను కనిపెట్టేలోపు ఆమెకు చూపు ఉండదేమోనని.

అటక మీద కట్ట

గురజాల దగ్గర ఒక రైతు ఇంట్లో తండ్రిగారి కాగితాలు ఇస్తామంటే వెళ్ళాను. ఆ రైతూ మా కాలేజీలోనే చదివాడు. మాటల్లో మ్యాగజైన్ ప్రస్తావన వచ్చింది. ఆయన మొహం చిట్లించాడు.

"ఉంది అటక మీద ఒక కట్ట. పరీక్షలైపోయి అందరూ ఊళ్ళకు పోయాక అచ్చయి వచ్చింది. మా బస్సు రూట్లో పిల్లలకు నువ్వు పంచురా అని నాకిచ్చారు. నేను పంచలా."

"ఎందుకని?"

"నా కథ వెయ్యలా. కమిటీలో ఉన్నా గూడా వెయ్యలా. ఇంక నేనెందుకు పంచాలి?"

"మరి ఇన్నేళ్ళు ఎందుకు ఉంచారు?"

"ఏంది సార్ మీరు, పుస్తకాలు గదా. ఎట్టా పారేస్తాం?"

కట్ట దింపించాను. జనపతాడు ముడి కూడా విప్పలేదు. పైదీ అడుగుదీ పురుగు కొట్టేసింది, మధ్యవి బాగున్నాయి. నాకు కావలసిన ఏడాదే. నున్నటి పేజీలు ఒకదానికొకటి అతుక్కుని ఉంటే, చాకు వాడకుండా చేత్తోనే కొంచెం కొంచెం విడదీశాను. జట్టు మొత్తం ఉంది. కుడివైపు చివర పొడుగాటి కుర్రాడు, చెయ్యి పక్కవాడి భుజం మీద. కింద ఎస్. మస్తాన్‌వలి అని పేరు. చాలా ఏళ్ళుగా ఈ పనిలో ఉన్నాను, ఒక పేజీ చూసి అంత సంతోషపడ్డది అప్పుడే.

ఆ రైతు నా వెనక నిలబడి ఉన్నాడు. "నా కథ ఉందేమో ఒకసారి చూడండి" అన్నాడు. విషయసూచిక అంతా చూశాను. లేదు.

"చెప్పలా నేను" అన్నాడు, తృప్తిగా.

అభిమానంతో దాచుకున్న మూడు ఇళ్ళలో ముక్కలే మిగిలాయి, కోపంతో విసిరేసిన చోట పేజీ చెక్కుచెదరకుండా ఉంది. దీన్నుంచి ఏ నియమం తీయాలో నాకు తెలియదు. కాలేజీ మీద కోపమున్న పాత విద్యార్థుల్ని కూడా తప్పకుండా కలవండి, అంతవరకు చెప్పగలను.

కట్ట నాతోనే తెచ్చుకుని, అందులో ఒక సంచిక మీకేనని కబురు పంపితే మర్నాడు నాగూర్‌బీ కొడుకుతో వచ్చింది. సైదా షాపులోంచి నేరుగా వచ్చినట్టున్నాడు, చేతులకంటిన గ్రీజు గుడ్డతో తుడుచుకుంటూనే ఉన్నాడు. భారీ మనిషి, కోల మొహం, నుదుటి మీద జుట్టు పల్చబడుతోంది. సంచిక తెరిచి బల్ల మీద పెట్టి, ఎక్కడ చూడాలో వేలితో చూపించి, భూతద్దం ఆమె చేతికిచ్చాను.

ముందు సైదా చూశాడు. ఫొటోలో ఉన్నది సన్నటి కుర్రాడు. గుండ్రటి మొహం, చిన్న కళ్ళు, అప్పుడే వస్తున్న మీసం. సైదా చాలాసేపు చూసి, తల్లి భుజం మీద చెయ్యి వేసి మెల్లిగా అన్నాడు.

"నా పోలిక లేదేమే అమ్మా?"

ఆమె పేజీ మీదికి పూర్తిగా వంగింది. భూతద్దం ఎడంగా పెట్టింది, దగ్గరగా పెట్టింది. నేను పొరపాటున వేరేవాణ్ణి చూపించానేమోనని కింద పేరు మళ్ళీ చదివాను. పేరు సరిగ్గానే ఉంది.

"లేదురా" అంది. గొంతులో ఏడుపు లేదు, ఆశ్చర్యం ఉంది. "ఈయన్ని నేను మర్చేపోయా సార్. వీడు పెరిగే కొద్దీ వీడి మొహమే తీసి ఆయనకి పెట్టుకుంటా వచ్చా. వీడికి మీసం వస్తే ఆయనకీ వచ్చింది. వీడికి జుట్టు రాలితే ఆయనకీ రాలింది. ఇన్నేళ్ళూ రోజూ తలుచుకుంది ఈ పిల్లోణ్ణి కాదు."

వాళ్ళు బాధపడతారని ఊహించాను గానీ ఇది ఊహించలేదు.

"పోనీలే అమ్మా, పోదాం పా" అన్నాడు సైదా. "పుస్తకం సార్ ఇస్తారంట. ఇంటికాడ తీరిగ్గా చూద్దువుగానీ."

"ఉండరా." ఆమె తల ఎత్తలేదు. "ఇంటికాడ వెలుతురు చాలదు. ఈ కన్ను ఉండంగనే ఈయన్ని నేర్చుకోవాలి నేను."

సైదా తల్లిని లేపి, కుర్చీని కిటికీ దగ్గరికి జరిపాడు.